బంకమట్టి నేర్పిన విద్య: స్వెన్ వింగ్‌క్విస్ట్ జీవితం

వర్షాకాలంలో శావల్యాపురం నుండి కారుమంచి వైపునకో, కనమర్లపూడి వైపునకో చేలగట్ల దారిన సైకిలుపై బయలుదేరిన వారికి నల్లరేగడి మహిమను వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. మొదట టైరుకు, పిమ్మట మడ్‌గార్డుకు, చివరకు చైనుకు మన్ను పట్టి, సైకిలు మనలను మోయుటకు బదులు మనమే దానిని భుజాన వేసుకొనవలసి వస్తుంది. ఇల్లు చేరి బురద కడిగినంత మాత్రాన పని తీరదు. పది రోజుల తరువాత చక్రం తిప్పి చూస్తే లోపల ఇసుక నలుగుతున్నట్లు గరగర శబ్దం వినవస్తుంది. మిస్త్రీ హబ్బు విప్పి, కోనులు గుంటలు పడ్డాయని, గోళీలు మార్చాలని చెబుతాడు. మాలో ఈ అనుభవం లేనివారు అరుదు.

ఐరోపా ఖండంలో శీతకాలమందు సైక్లో-క్రాస్ అనే పేరుతో ఇట్టి బురదలోనే కోరి పందెములు నడుపుకొంటారు. వారు కూడా సైకిలును భుజాన మోస్తారు. ఏ హబ్బు మన్నుతుంది, ఏ బేరింగు బురదకు తట్టుకొంటుంది అనేది వారికీ మనకూ ఒకటే సమస్య. ఈ సమస్య మూలమేమిటని వెదకుచుండగా మాకు ఒక విశిష్ట వ్యక్తి జీవితం కంటబడింది. ఆయన పందెగాడు కాదు, సైకిళ్ల వర్తకుడు కాదు, ఒక నూలుమిల్లులో ఇంజనీరు. అయినను బేరింగు అన్న వస్తువు చరిత్రలో ఆయనను దాటి పోవుటకు వీలులేదు.

స్వెన్ వింగ్‌క్విస్ట్ 1876 డిసెంబరు 10వ తేదీన స్వీడన్ దేశంలోని హాల్స్‌బెర్గ్‌లో జన్మించారు. అది రైలుమార్గములు కలిసే కూడలి. సాంకేతిక విద్య అభ్యసించి, నేతపని శాస్త్రోక్తంగా నేర్చుకొని, వస్త్ర పరిశ్రమను పరిశీలించుటకు అమెరికా వెళ్లి వచ్చారు. తరువాత గోథెన్‌బర్గ్ నగరంలో గామ్లెస్టాడెన్ మిల్లులో యంత్రముల నిర్వహణ బాధ్యత వహించారు. పత్తి పండే పల్నాటివారికి, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతపు నూలుమిల్లుల చప్పుడు విన్నవారికి ఆయన కొలువు ఎట్టిదో ఊహించుట కష్టం కాదు.

అయితే ఆ రోజులలో ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క విద్యుత్ మోటారు ఉండేది కాదు. మిల్లు కప్పు కింద ఈ చివర నుండి ఆ చివర వరకు పొడవైన ఇనుప షాఫ్టులు తిరుగుతూ ఉండేవి. వాటి నుండి తోలు బెల్టుల ద్వారా క్రింది యంత్రములకు శక్తి అందేది. షాఫ్టును అడుగడుగున బేరింగులు మోసేవి. ఒక్క బేరింగు పట్టివేసినా ఆ వరుసలోని యంత్రములన్నీ నిలిచిపోయేవి.

ఇక్కడనే మట్టి కథ మొదలవుతుంది. గోథెన్‌బర్గ్ నగరం లోతైన బంకమట్టిపై నిలిచి ఉన్నది. మిల్లు భవనం ఒకచోట కొంచెం కుంగితే, దానితోపాటు షాఫ్టూ వంకరపోయేది. మన నల్లరేగడిలో కట్టిన ఇంటి గోడలు వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుట మనమెరుగుదుము. అక్కడి మన్ను వేరైనా బాధ దాదాపు అటువంటిదే. నాటి బాల్ బేరింగులు ఇరుసు సూటిగా ఉన్నంతసేపే సక్రమంగా తిరిగేవి. ఇరుసు వెంట్రుకవాసి వంగినా గోళీలు గాడి అంచును రాసుకొని, వేడెక్కి, తునిగేవి. కొత్తవి జర్మనీ నుండి తెప్పించుకొనవలసి వచ్చేది. అవి చేరే సరికి కాలం గడిచిపోయేది.

ఇట్టి స్థితిలో సాధారణ ఉద్యోగి నేలను నిందించి ఊరుకుంటాడు, లేదా మరింత ఖరీదైన బేరింగుకు ఆర్డరు పెడతాడు. వింగ్‌క్విస్ట్ యజమానులను ఒప్పించి, మిల్లులోనే ప్రయోగములు ఆరంభించారు. దారం తీసే కార్ఖానాలో గోళీలతో ప్రయోగాలేమిటని వారు కాదనివుంటే కథ అక్కడితో ముగిసేది. యజమానులు ధనమిచ్చుట కూడా తక్కువ సాహసం కాదని మా అభిప్రాయం.

1907లో ఆయన కనుగొన్న పరిష్కారం విన్నప్పుడు ఇంత సులువా అనిపిస్తుంది. బేరింగు వెలుపలి వలయపు లోపలి ముఖంలో గాడి తీయక, దానిని ఒక పెద్ద గోళపు లోపలి భాగం వలె నునుపుగా వంపు తిప్పారు. ఆ గోళపు కేంద్రం సరిగ్గా ఇరుసు మధ్యన పడుతుంది. లోపలి వలయానికి మాత్రం రెండు గాడులు, వాటిలో రెండు వరుసల గోళీలు. ఇరుసు కొంత ఒరిగినప్పుడు లోపలి వలయం గోళీలతో సహా దానితోపాటు ఒరుగుతుంది, మన భుజకీలు తిరిగినట్లు. ఏ గోళీ ఏ అంచునూ రాయదు. నేల కుంగుట ఆగలేదు, షాఫ్టు వంగుట ఆగలేదు, కాని మిల్లు ఆగుట తగ్గింది.

అదే ఏడు ఫిబ్రవరి 16వ తేదీన స్వెన్స్కా కుల్లాగర్‌ఫాబ్రికెన్, అనగా స్వీడన్ బాల్ బేరింగు కర్మాగారం, స్థాపితమైంది. ఎస్.కె.ఎఫ్. అన్న మూడక్షరములు ఈ పేరులోనివే. ఆరంభమున పనివారు పదిహేనుమంది. వింగ్‌క్విస్ట్ తానే దేశదేశాలు తిరిగి తన వస్తువును చూపి వచ్చారు. పదేళ్లు దాటేసరికి పనివారి సంఖ్య వేలకు పెరిగింది.

ఆ బేరింగుకూ ఒక లోటు ఉన్నది. గోళాకారపు ముఖంపై గోళీ ఆనే చోటు స్వల్పం గనుక మిక్కిలి బరువును మోయలేదు. 1919లో అదే సంస్థలోని ఆర్విడ్ పామ్‌గ్రెన్ గోళీలకు బదులు పీపా ఆకారపు రోలర్లు పెట్టి ఆ లోటు తీర్చారు. మన దేశపు ఐ.సి.ఎఫ్. రైలు పెట్టెల ఇరుసులలో అమర్చినవి ఆ తరహా బేరింగులే. గుంటూరు-నంద్యాల మార్గంలోని శావల్యాపురం స్టేషనులో ఆగిన బండ్ల కింద కూడా, చూడగలిగితే, ఆ మిల్లు ఇంజనీరు ఆలోచన ఒక మూల కనబడుతుంది.

ఎస్.కె.ఎఫ్. ఒడిలోనే వోల్వో మోటారు సంస్థ పెరిగి, 1927లో తన మొదటి కారును వెలువరించింది. 1934లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం యంత్రకళా ప్రదర్శనలో వింగ్‌క్విస్ట్ బేరింగును శిల్పముల వలె ఉంచారు. మరొక వైపు కూడా చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన స్థాపించిన సంస్థ ఇరుపక్షములకూ బేరింగులు అమ్మింది. 1943లో మిత్రపక్షపు విమానములు బాంబులు వేసిన జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ కర్మాగారములలో దాని వాటా ఉన్నవీ కలవు. నేత యంత్రం కొరకు పుట్టిన వస్తువు యుద్ధ యంత్రములోనూ అంతే నునుపుగా తిరిగింది. జీవితచరిత్ర వ్రాయువారు ఈ పుటను తిప్పివేయరాదు.

ఇక మన సైకిలు సంగతి. మామూలు సైకిలు హబ్బులో ఉండేది వింగ్‌క్విస్ట్ బేరింగు కాదు. గిన్నె, కోను, విడి గోళీలు మాత్రమే. కాని ఆయన వేసుకొన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది. బేరింగును చంపేది మోసే బరువు కంటె ముందు వంకర ఇరుసు, లోపలికి చొరబడే మట్టి. కావున బురదదారి హబ్బు ఎన్నుకొనేటప్పుడు మెరుపును చూడక, ఇరుసు గట్టితనమును, మట్టిని ఆపే మూతలను చూడాలి. మూసివున్న కార్ట్రిడ్జి బేరింగు అరిగితే పూర్తిగా మార్చాలి. కోనుల హబ్బును విప్పి, కడిగి, కొత్త గ్రీజు నింపి తిరిగి వాడవచ్చు. సామాను దొరకని పల్లెకు రెండవదే మేలని మేము తలుస్తాము. కోను బిగువైతే గోళీలు నలుగుతాయి, వదులైతే చక్రం ఊగుతుంది. మోటారు పంపు ధారను హబ్బు మీదికి సూటిగా కొట్టేవారు బురదను లోపలికి తామే పంపుతున్నారు. బండి ఇరుసుకు కందెన మరువని మన రైతులు సైకిలు హబ్బును ఏళ్ల తరబడి మరచుట మాకు ఎప్పుడూ వింతయే.

వింగ్‌క్విస్ట్ 1953 ఏప్రిల్ 17వ తేదీన గోథెన్‌బర్గ్‌లో, ఆ బంకమట్టి నగరంలోనే, డెబ్బదియారవ ఏట కన్నుమూశారు.