పరదా బండిలో బడికి – బేగం రొకయా జీవితం

మన ఇళ్లలో ఆడపిల్లల చదువు ప్రస్తావన వస్తే ఒక సమాధానం తరచుగా వినబడుతుంది. చదివించాలనే ఉంది గాని ఎట్లా పంపేదండీ అంటారు. బడి దూరం, తోడు వెళ్లేవారు లేరు, టీచరమ్మలు లేరు, నలుగురూ ఏమనుకుంటారో అనే భయం. ఈ కారణాలేవీ కొత్తవి కావు. వంద సంవత్సరాల క్రిందటే కలకత్తాలో ఒక వితంతువు వీటన్నిటికీ ఒక్కొక్కటిగా పరిష్కారం వెదికారు. ఆమె బేగం రొకయా సఖావత్ హుసేన్.

రొకయా 1880లో, నేటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ జిల్లా పైరాబంద్ గ్రామంలో ఒక జమీందారు కుటుంబంలో జన్మించారు. ఆ ఇంట్లో ఘోషా ఎంత కట్టుదిట్టమంటే, ఐదేళ్ల పసిపిల్ల పరాయి ఆడవాళ్ల కంట కూడా పడకూడదు. ఖురాను పారాయణం, కొద్దిగా ఫారసీ, ఉర్దూ – ఆడపిల్లకు అంతవరకే చదువు. బెంగాలీ, ఇంగ్లీషు పనికిరావు. అక్క కరీమున్నీసా బెంగాలీ మీద మక్కువ చూపిందని చదువు మాన్పించి చిన్నతనంలోనే పెళ్లి చేసేశారు.

రొకయాకు మాత్రం అన్న ఇబ్రహీం సాబెర్ అండగా నిలిచాడు. పగలు కుదరదు గనుక, ఇల్లంతా నిద్రపోయాక కొవ్వొత్తి వెలుగులో చెల్లెలికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించాడు. తలుపు మూసివుంటే కిటికీ వెదకాలన్న పాఠం ఆమెకు బహుశా అక్కడే వంటబట్టింది.

భర్త సయ్యద్ సఖావత్ హుసేన్ గారు భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. వయసులో చాలా పెద్దవారు, అంతకుముందు పెళ్లయి భార్యను పోగొట్టుకున్నవారు. అయినా విశాల హృదయులు. భార్య చేత చదివించారు, వ్రాయించారు. ఆమె ఇంగ్లీషులో వ్రాసిన కథ, సుల్తానా స్వప్నం, 1905లో మన పొరుగున మద్రాసు నుండి వెలువడే మహిళా పత్రికలో అచ్చయింది. ఆడవాళ్లు రాజ్యమేలుతూ, సూర్యరశ్మితో వంట చేసుకుంటూ, మగవాళ్లను జనానాలో కూర్చోబెట్టిన దేశం కథ అది! ఆ నవ్వు వెనుక ఎంత బాధ ఉందో చదివినవారికి తెలుస్తుంది. ఆమెకు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. 1909లో భర్త కూడా కన్నుమూశారు. ఆడపిల్లల బడి కోసమని ఆయన పదివేల రూపాయలు విడిగా ఉంచిపోయారు.

ఆ ఏడాదే భాగల్పూరులో ఐదుగురు పిల్లలతో బడి మొదలైంది. ఆస్తి విషయంలో సవతి కూతురి వైపువారితో తగవులు వచ్చి ఆ ఊరు వదలవలసి వచ్చింది. కలకత్తా చేరి, 1911 మార్చి 16న వలీయుల్లా సందులో ఒక చిన్న ఇంట్లో ఎనిమిది మంది పిల్లలతో భర్త పేరనే మళ్లీ బడి తెరిచారు.

ఇక్కడి నుంచే అసలు చిక్కులు. బడి నడపవలసిన మనిషి తానెన్నడూ బడి గడప తొక్కలేదు. అందుకు సిగ్గుపడక, నగరంలోని ఇతర ఆడపిల్లల పాఠశాలలకు వెళ్లి, పాఠాలు ఎట్లా చెబుతున్నారో, బడి ఎట్లా నడుపుతున్నారో చూసి నేర్చుకున్నారు. చదువుకున్న ముస్లిం ఉపాధ్యాయినులు కలకత్తాలో దొరకలేదు. మద్రాసు, గయ, ఆగ్రా వంటి దూరప్రాంతాల నుండి రప్పించారు. ఎన్నాళ్లని అట్లా రప్పించడం? ఉపాధ్యాయినులను తయారుచేసే శిక్షణ పాఠశాల కావాలని ప్రభుత్వాన్ని పట్టుబట్టారు. 1919లో అది ఏర్పడింది.

పిల్లలను ఇల్లు కదిలించడం అన్నిటికంటే కష్టం. ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను బతిమాలారు. పరదాకు లోటు రానివ్వనని హామీ ఇచ్చి, మూసిన గుర్రపు బండ్లలో పిల్లలను తెప్పించారు. తరువాత మోటారు బస్సు వచ్చింది. గాలి కూడా దూరకుండా దాన్ని బిగించారు. తలుపుల పైన మూడంగుళాల వెడల్పు జాలీ ఒక్కటే సందు. మొదటి రోజే లోపల చీకటి, ఉక్క. పిల్లలు బెదిరి ఏడ్చారు, కొందరు వాంతులు చేసుకున్నారు, కొందరు సొమ్మసిల్లారు. సరేనని కిటికీలు తెరిపించి రంగు తెరలు కట్టిస్తే, గాలికి తెరలు లేచి పరదా పోతోందని ఉత్తరాలు వచ్చాయి. పత్రికల్లో ఎండగడతామని బెదిరింపులు. మూస్తే పిల్లలకు ఊపిరాడదు, తెరిస్తే పెద్దలు ఊరుకోరు. పాపం, ఆ తల్లి నడుమ నలిగిపోయారు. కాని బడి మూయలేదు.

ఒక్క సంగతి గమనించాలి. మనిషిని గదిలో బంధించే ఘోషాను ఆమె తన రచనల్లో తీవ్రంగా ఖండించారు. 1931లో ఆ బాధలన్నీ ఒక పుస్తకంగానే వ్రాశారు. అయినా బడి కోసం తాను బురఖా ధరించారు, మూసిన బండే నడిపారు. తన పంతం నెగ్గడం కన్న పిల్ల బడికి చేరడమే ఆమెకు ముఖ్యం. అన్నిటా గెలిచారనీ కాదు. బెంగాలీలో చదువు చెప్పాలని ఎంతో కోరి ఆ శాఖ తెరిస్తే, పిల్లలు చేరక మూతపడింది. కలకత్తా ముస్లిం కుటుంబాలు కోరిన ఉర్దూలోనే చెప్పారు. ఖురానుతో పాటు ఇంగ్లీషు, ప్రథమ చికిత్స, కుట్టుపని, వంట, వ్యాయామం కూడా నేర్పారు. ఎనిమిది మంది 1915 నాటికి 84 మంది అయ్యారు. 1916లో స్త్రీల కోసం అంజుమన్ స్థాపించి పేద వితంతువులను ఆదుకున్నారు, బస్తీ స్త్రీలకు అక్షరాలు నేర్పించారు.

1932 డిసెంబరు 9న ఆమె పరమపదించారు. ముందు రాత్రి దాకా స్త్రీల హక్కుల మీద వ్యాసం వ్రాస్తూనే ఉన్నారు. అది అసంపూర్తిగా మిగిలింది. బడి మాత్రం మిగలడమే కాదు, పెరిగింది. సఖావత్ మెమోరియల్ పేరుతో కలకత్తాలో నేటికీ నడుస్తోంది. బంగ్లాదేశ్‌లో డిసెంబరు 9ని రొకయా దినంగా పాటిస్తారు.

విద్యార్జన ప్రతి ముస్లిం విధి అని మనకందరికీ తెలుసు. తెలిసీ ఆగిపోతున్నది ఎక్కడ? ఏ పిల్ల ఏ కారణంగా ఇంట్లో కూర్చుందో ఆ ఇంటికి వెళ్లి అడగాలి. బండి లేకపోతే బండి, తోడు లేకపోతే తోడు, పుస్తకాలు లేకపోతే పుస్తకాలు సమకూర్చాలి. మొదటి ఉపాయం ఫలించకపోతే రెండోది చూడాలి. మన సంఘాలకు ఇంతకు మించిన పని ఏముంది? అల్లాహ్ ఆ మహాతల్లిని కరుణించుగాక, మనకూ ఆ ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.