శ్రీపతి చంద్రశేఖర్: జనాభా గణితంలో మానవుడు

వానను నమ్ముకొని వేరుసెనగ విత్తే కుందుర్పి సీమలో బిడ్డలంటే ఒకనాడు చేనికి చేతులు, ముదిమికి ఊతకర్రలు. పుట్టినవారందరూ బతికి బట్టకడతారన్న ధైర్యం తల్లిదండ్రులకు లేదు. కనుకనే కాన్పుమీద కాన్పు. అనంతపురం మెట్టపొలాలకే గాక భారతదేశమంతటికీ చెందిన ఈ దుఃఖగణితాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించిన ఆంధ్రుడు శ్రీపతి చంద్రశేఖర్.

ఆయన 1918 నవంబరు 22న రాజమహేంద్రవరంలో జన్మించారు. మద్రాసులో పట్టభద్రులై, న్యూయార్కు విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అమెరికా వనిత ఆన్ డౌన్స్‌ను వివాహమాడారు. స్వదేశంలో ఆచార్యపదవి నిర్వహిస్తూ 1950లో మద్రాసున జనాభా అధ్యయన సంస్థను నెలకొల్పారు. 1959లో శిశుమరణాలను గూర్చి గ్రంథం వెలువరించారు. తొట్టెలోని బిడ్డ దక్కుతుందన్న భరోసా కలగనిదే తల్లి కాన్పులు తగ్గించుకోదన్న సత్యానికి ఆ మరణాల లెక్కలే సాక్ష్యం.

1967 నుండి 1970 వరకు ఆయన కేంద్రంలో ఆరోగ్య, కుటుంబనియంత్రణ శాఖల మంత్రి. అప్పటికి దేశంలో సగటున ఒక్కొక్క స్త్రీకి ఆరుగురు బిడ్డలు. ఆయన హయాములోనే 1968లో నిరోధ్ పంపిణీ ఆరంభమైనది. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేయాలనీ, బాలికల వివాహవయస్సు పెంచాలనీ ఆయన వాదించారు. 1971లోనూ, 1978లోనూ ఆ చట్టాలు వచ్చినవి. అయితే శస్త్రచికిత్సకు ఒప్పుకొన్నవారికి ట్రాన్సిస్టరు రేడియో కానుకగా ఇవ్వాలన్న ప్రతిపాదన ఆయనలోని తొందరపాటుకు గుర్తు. శాస్త్రజ్ఞుడికి తెలిసిన ఓర్పు మంత్రికి దక్కలేదు. ఆయన పదవి వీడిన తరువాత, అత్యయిక పరిస్థితి కాలంలో 1976-77లో ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. ఆ బలవంతం ప్రజలలో భయాన్నే మిగిల్చినది.

చంద్రశేఖర్ 2001 జూన్‌లో అమెరికాలో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 1992-93లో స్త్రీకి సగటున 2.6గా ఉన్న సంతానం 2019-21 నాటికి 1.7కు దిగినది. బిడ్డలు బతకడం, ఆడపిల్లలు బడికి వెళ్లడం, పెండ్లి ఆలస్యం కావడం, శస్త్రచికిత్స అందుబాటులోకి రావడం ఇందుకు తోడ్పడినవి. ప్రపంచ జనాభా మాత్రం 2022 నవంబరులో 800 కోట్లు దాటినది. యౌవనంలో ఉన్నవారే అధికం గనుక, కాన్పులు తగ్గినా కొంతకాలం జనం పెరుగుతూనే ఉంటారు.

ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసినది. కరవుసీమ యువకులు బెంగుళూరికి వలసపోగా, గడపలో వృద్ధులు మిగులుతున్నారు. ఒకనాడు ఎక్కువమంది బిడ్డలను కోరిన ఆ ముదిమి భయమే నేడు మరొక రూపంలో తలుపు తడుతున్నది. చంద్రశేఖర్ జీవించి ఉంటే ఆయన తరువాతి గ్రంథానికి ఇదే వస్తువై ఉండేది.