మహంతు ప్రయాగదాసుజీ

పసుపుబట్టలో ముడుపు కట్టిన గృహస్థు ఆ పైకమును తనదిగా తలపడు. స్వామి హుండీని చేరువరకు దానికతడు కాపరి మాత్రమే. బైరెడ్డిపల్లె, పలమనేరు ప్రాంతముల పల్లెవాసులందరెరిగిన ఈ ధర్మమే ఒకప్పుడు తిరుమల దేవస్థాన విషయమున న్యాయస్థానముల కెక్కినది. ఆ వ్యాజ్యమున ప్రతివాదిగా నిలిచినవారు హాథీరాంజీ మఠాధిపతి, మహంతు ప్రయాగదాసుజీ.

1843లో ఈస్టిండియా కంపెనీవారు ఆలయ పాలనను వదలుకొని, ఆ మఠమునకు అధిపతియైన సేవాదాసుజీకి విచారణకర్తృత్వము నొప్పగించిరి. ఆ పరంపరలో ఆరవవారు ప్రయాగదాసుజీ. 1900లో వారు పీఠమెక్కునాటికే దేవస్థానపు సొత్తు విషయమై పూర్వపు మహంతులపై అభియోగములు, అనుమానములు పేరుకొనియుండెను. తిరుమల శ్రీరంగాచార్యులవారు మొదలగువారితో నడచిన వ్యాజ్యము ఉత్తర ఆర్కాటు జిల్లా కోర్టునుండి మదరాసు హైకోర్టుకును, అటనుండి లండనులోని ప్రీవీ కౌన్సిలుకును పోయి 1907లో ముగిసెను. మహంతు పదవి నిలిచినది. కాని ఆ అధికారము న్యాయస్థానమేర్పరచిన కట్టుబాట్లకు లోబడవలసివచ్చెను.

పరులు విధించిన కట్టుబాటు ఎవరికైనను కష్టమే. అయినను ప్రయాగదాసుజీ చేసిన ఒక మహత్కార్యమును భక్తులు మరువరాదు. వారి కాలముననే ఆలయ శాసన పరిశోధనకు పండితులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు నియుక్తులైరి. 1922లో అన్నమాచార్య సంకీర్తనల రాగిరేకులు వెలుగుచూచినవి. ప్రాకార కుడ్యములపైనున్న వేయికి మించిన శాసనములకు ప్రతులు తీయబడి, 1931 మొదలు సంపుటములుగా వెలువడినవి.

ఆ శాసనములు రాతిపై చెక్కిన జమాఖర్చులే. దాత యిచ్చిన ద్రవ్యమెంత, దానితో ఏ గ్రామమున కాలువ త్రవ్వవలెను, ఆ ఫలసాయముతో ఏ నైవేద్యము జరుగవలెను, ప్రసాదమున దాతకు చెందు నాలుగవ పాలెవరికి ఇవ్వవలెను అను వివరములన్నియు అందు గలవు. తుదకు ఆ ధర్మమును శ్రీవైష్ణవుల రక్షణకు అప్పగించుట వాటి సంప్రదాయము. అట్లు చూడగా, కోర్టున లెక్క అడిగినవారు క్రొత్తగా అడిగినదేమియు లేదు. లెక్క చెప్పవలసిన విచారణకర్తయే ఆ ప్రాచీనపు లెక్కలను లోకమునకు వెల్లడించుట దైవసంకల్పముగాక మరేమి?

1933లో మదరాసు శాసనసభ చేసిన చట్టముతో తొంబదియేండ్ల మహంతుల పాలన ముగిసి, దేవస్థానము పాలకమండలి అధీనమయ్యెను. ముప్పదిమూడేండ్లు వహించిన అధికారము ప్రయాగదాసుజీ చేతినుండి తొలగినది. వారు ప్రతి తీయించిన శాసనములు మాత్రము నిలిచినవి. పాలకులు మారుదురు, చట్టములు మారును. సొత్తు ఏనాడును శ్రీనివాసునిదే. దానిని తాకిన ప్రతి చేయియు ఆయనకు లెక్క చెప్పవలసినదే.