ట్రాకు ఇడిసిండు, మట్టి పట్టిండు

బండి మార్చుడంటె మన దగ్గర పైకి పోవుడే. సైకిల్ మీదికెల్లి మోపెడు, మోపెడు మీదికెల్లి బైకు, బైకు మీదికెల్లి కారు. ఎవడన్న నున్నటి రేసు ట్రాకును ఇడిసిపెట్టి గుట్టలల్ల, దుబ్బలల్ల దుంకే బండి కొన్నడంటె వానికి ఏదో తక్కువ పడ్డదనుకుంటరు. గా పనే చేసిండు అమెరికా సినిమా హీరో స్టీవ్ మెక్‌క్వీన్. పైసలు లేక కాదు. ఆయన కాలంల అందరికంటె ఎక్కువ పైసలు తీసుకున్న హీరోలల్ల ఆయనొకడు. మరెందుకు చేసిండు? ఆయన బతుకును మొదటికెల్లి చూస్తె గని సమజ్ కాదు. ఆ బతుకు ఖతమైన తీరు చూస్తె, మన ఇంటి కప్పు ముచ్చట, మన మెకానిక్ షెడ్ల ముచ్చట గూడ అండ్లనే ఉన్నది.

మెక్‌క్వీన్ 1930 మార్చి 24న ఇండియానా రాష్ట్రంల బీచ్ గ్రోవ్ అనే ఊర్ల పుట్టిండు. తండ్రి విమానాలతోని సర్కస్ ఆటలాడెటోడు. పోరడు నెలల పిల్లగాడు ఉన్నప్పుడే ఇడిసి పోయిండు. తల్లి తాగుడుకు అలవాటు పడ్డది. పిలగాన్ని మిస్సోరిల స్లేటర్ ఊరికాడ పంటలు పండించే చిన్నతాత క్లాడ్ సాదిండు. నాలుగేండ్లు నిండిననాడు ఆ తాత ఒక ఎర్ర మూడు చక్రాల సైకిలు ఇచ్చిండు. రేసుల పిచ్చి ఆడనే మొదలైందని మెక్‌క్వీన్ తర్వాత చెప్పుకునెటోడు. ఒక చెవు సరిగ్గ ఇనరాదు, అక్షరాలు తారుమారు కనపడే ఇబ్బంది ఉండె. బడి పట్టు దొరకలె. తల్లి మళ్ల పెండ్లి చేసుకుంటె ఆ మారుతండ్రి చేతుల దెబ్బలు తిన్నడు. గల్లీల పోరగాండ్లతోని తిరిగి, దొంగతనాలు చేసి, ఆఖరికి కాలిఫోర్నియాల చీనో ఊరికాడ బాయ్స్ రిపబ్లిక్ అనే పిల్లల సంస్థకు చేరిండు. ఆడనే మనిషైండు.

1947 సంవత్సరంల మెరైన్ సైన్యంల చేరిండు. చెప్పకుండ సెలవు మించి తిరిగినందుకు 41 దినాలు జైల్ల ఏసిన్రు. ఓడల ఇంజన్ రూముల పైపుల చుట్టు చుట్టిన ఆస్బెస్టాస్‌ను గీకి తీసే పని ఆయనతోని చేయించిన్రని ఆయన జీవితం రాసినోళ్లు చెప్తరు. వేడి బయటికి రాకుండ పైపులకు చుట్టే నారలాంటి రాయి అది. గీకితె దుమ్ము లేస్తది. ఆ దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతది. మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పినోడు ఎవడుంటడు? ఈ ముచ్చట యాదుంచుకోండ్రి. ఆఖర్ల మళ్ల దీని కాడికే వస్తం.

సైన్యం కెల్లి బయటవడ్డంక న్యూయార్క్ పోయిండు. మాజీ సైనికుల సదువుకు సర్కారు ఇచ్చే పైసలతోని నాటకాల బడిల చేరిండు. కడుపు నిండాలె గద. పాత బండి ఒకటి సంపాయించి ఐతారం ఐతారం లాంగ్ ఐలాండ్ సిటీల రేసులకు పోయెటోడు. గెలిచిన పైసలే ఇంటి కిరాయి, తిండి ఖర్చు. అంటె ఆయనకు రేసు మొదట్ల సోకు కాదు, కైకిలి.

1958 ల టీవీల వచ్చిన వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్ ఆయనను ఇంటింటికి తీస్కపోయింది. చేతుల పైసలు ఆడినయ్. పోర్షె కారు కొన్నడు, కాలిఫోర్నియా ట్రాకుల మీద రేసులకు దిగిండు, గెలిచిండు. ఇంగ్లండ్‌ల షూటింగ్ ఉన్నప్పుడు గూడ ఆడి ట్రాకుల మీద కారు నడిపిండు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ మా జట్టుల డ్రైవరుగ ఉంటవా అని అడిగింది. రేసా, సినిమానా అని తేల్చుకోవాల్సి వస్తె సినిమానే పట్టుకున్నడు. పెండ్లాం పిల్లలున్నోడు మరి. కంపెనీలు కాయితం మీద సంతకాలు తీస్కునుడు షురూ అయింది. సినిమా అయిపోయేదాక రేసు ట్రాకు మొకం చూడొద్దు. హీరో కాలు ఇరిగితె మునిగేది కంపెనీ పైసలు.

గిట్ల ట్రాకు మీద తాళం పడుతున్న కాలంలనే బడ్ ఎకిన్స్ దోస్తానా కుదిరింది. ఎకిన్స్‌కు లాస్ ఏంజెలెస్ కాడ మోటార్‌సైకిల్ దుక్నం ఉండె. ఎడారి రేసులల్ల ఆయన పేరు చెప్తె తెల్వనోడు లేడు. రోడ్డు మీద ఉరికే ట్రయంఫ్ బండ్లను తెచ్చి, విప్పి, ఇసుకల నడిచేటట్టు మల్ల బిగించెటోడు. వీటిని ఆడ ఎడారి స్లెడ్లు అంటరు.

ట్రాకు బండికి, మట్టి బండికి ఫరక్ ఏందో ఈడ చెప్పుకోవాలె. ట్రాకు మీద హ్యాండిలు కిందికి ఉంటది, మనిషి ట్యాంకు మీద బోర్ల పడుకున్నట్టు ఉంటడు, గాలికి అడ్డం పోకుండ. టైర్లు నున్నగ, రోడ్డును అతుక్కునేటట్టు ఉంటయ్. మట్టి బండికి అన్ని ఉల్టా. హ్యాండిలు వెడల్పు, ఎత్తు. టైర్లకు పెద్ద పెద్ద గుబ్బలు. రాళ్లు తగిలి ఇంజన్ పలగకుండ అడుగున ఇనుప రేకు. పొగ గొట్టాలు పైకి మలుపుతరు. దుమ్ము పోకుండ గాలి ఫిల్టర్ గట్టిగ ఉండాలె, లేకుంటె ఇంజన్ ఒక్క పూటల అరిగిపోతది. స్పీడు తగ్గినా సరే గుంజుడు ఎక్కువ ఉండాలని వెనుక పండ్ల చక్రం పెద్దది ఏస్తరు. సీటు మీద కూసునుడే తక్కువ. కాళ్ల మీద నిలబడి, మోకాళ్లు వంచి, బండిని కింద ఎగరనియ్యాలె. మన మోకాళ్లే సగం షాకబ్జర్లు.

ట్రాకు మీద ప్రతి మలుపు ముందే తెలుసు. వందసార్లు తిరిగి లెక్క కడ్తరు. ఎడారిల తొవ్వనే లేదు. ముందటోడు లేపిన దుమ్ముల ఏముందో కనపడదు. బండి ఆగితె మెకానిక్ రాడు, నీ చేతులతోనే చేసుకోవాలె. మెక్‌క్వీన్‌కు గిదే నచ్చింది. సెట్ మీద ఆయన వెంబడి ఇరవై మంది ఉండెటోళ్లు. ఎడారిల ఆయన ఒక నంబరు మాత్రమే.

1963 ల ది గ్రేట్ ఎస్కేప్ సినిమా వచ్చింది. జర్మన్ ఖైదు కెల్లి తప్పించుకుని ముండ్ల కంచె మీదికెల్లి బండిని దుంకించే సీను దునియా అంత చూసింది. ఆ దుంకుడు దుంకింది మెక్‌క్వీన్ కాదు, బడ్ ఎకిన్స్. జర్మన్ బండి లెక్క రంగేసిన ట్రయంఫ్ మీద. మిగిలిన ఉరుకుడు చానా వరకు మెక్‌క్వీనే చేసిండు. జర్మన్ సిపాయి బట్టలేసుకుని తనను తానే తరిమిన షాట్లు గూడ ఉన్నయ్. ఆ దుంకుడు నాదే అని ఆయన చెప్పుకోలె, ఎకిన్స్‌దే అన్నడు. ఇంకొకని ఒళ్లు పణంగ పెట్టి హీరో అనిపించుకునే అలవాటు మన సినిమాలల్ల గూడ ఉన్నదే. పేరు దాచని హీరోలు ఎంతమంది?

1964 సెప్టెంబర్‌ల తూర్పు జర్మనీల ఎర్‌ఫుర్ట్ కాడ అంతర్జాతీయ ఆరు దినాల పరీక్ష జరిగింది. మట్టి బండ్లకు అది ఒలింపిక్స్ లెక్క. ఆరు దినాలు అడవి, గుట్ట, బురద. చక్రం పంచరైనా, చైను తెగినా నడిపేటోడే బాగు చేసుకోవాలె, వేరేటోని చెయ్యి తగిలితె ఔట్. అమెరికా జట్టుల బడ్ ఎకిన్స్, తమ్ముడు డేవ్ ఎకిన్స్, క్లిఫ్ కోల్‌మన్, జాన్ స్టీన్, వీళ్లతోని మెక్‌క్వీన్. బండ్లు ఇంగ్లండ్‌ల మెరిడెన్ ఫ్యాక్టరీల తయారైన ట్రయంఫ్‌లు. మూడో దినం బడ్ కాలు ఇరిగింది, మెక్‌క్వీన్ బండి నుగ్గయింది. ఇద్దరు బయటికొచ్చిన్రు. డేవ్, కోల్‌మన్ ఆఖరిదాక పోయి బంగారు మెడల్స్ తెచ్చుకున్నరు. సినిమాల గెలిచే హీరో మట్టిల ఓడిపోయిండు. సిగ్గు పడలె. వచ్చి మల్ల ఎడారిల పడ్డడు.

మెరిడెన్ పేరు వచ్చింది గనుక ఇంకో ముచ్చట. 1973 ల ఆ ఫ్యాక్టరీ మూసేస్తమని యజమానులంటె కార్మికులు లోపల కూసున్నరు, గేటు ఇడువలె. 1975 నుంచి 1983 దాక వాళ్లే సహకార సంఘం పెట్టుకుని ట్రయంఫ్ బండ్లు తయారు చేసిన్రు. బండి చరిత్ర అంటె ఎక్కినోని చరిత్రే కాదు, బిగించినోని చరిత్ర గూడ.

బరువు బండ్ల కాలం గూడ పోయింది. స్వీడన్ కెల్లి హస్క్‌వర్నా వచ్చింది. రెండు స్ట్రోకుల ఇంజన్, ట్రయంఫ్ కంటె చానా తేలిక. మెక్‌క్వీన్ 400 సీసీ హస్క్‌వర్నా పట్టిండు. 1966 ల పాపులర్ సైన్స్ పత్రికకు మట్టి బండ్లను నడిపి చూసి ఏది మంచిదో చెప్పిండు గూడ. సొంత పేరు మీద పోతె జనం గుమిగూడుతరని, హార్వే మష్‌మన్ అనే దొంగ పేరుతోని రేసులకు పేరిచ్చెటోడు.

1970 సంవత్సరం ఆయన బతుకుల మలుపు. లేక్ ఎల్సినోర్ మట్టి రేసుల ఎడమ పాదం ఇరిగింది. రెండు వారాలకే సీబ్రింగ్ 12 గంటల కారు రేసు. పట్టీ కట్టిన కాలుతోనే క్లచ్ తొక్కిండు. పీటర్ రెవ్‌సన్ ఎక్కువ గంటలు నడిపిండు, పోర్షె 908 రెండో స్థానంల వచ్చింది. మారియో ఆండ్రెట్టి ఫెరారీ అర నిమిషం గూడ తేడా లేకుండ గెలిచింది. ఆ ఊపుతోని లె మాన్ 24 గంటల రేసుకు పోతనన్నడు. బీమా కంపెనీలు ఒప్పుకోలె. ట్రాకుకు పడ్డ తాళం ఈసారి గట్టిగనే పడ్డది.

ఆ లె మాన్ సినిమా తీసుడుల దర్శకుడు పోయిండు, పైసలు పోయినయ్, సంసారం గూడ ఇరిగింది. అదే 1971 ల ఆన్ ఎనీ సండే అనే డాక్యుమెంటరీ వచ్చింది. బ్రూస్ బ్రౌన్ తీసిండు, మెక్‌క్వీన్ కంపెనీ పైసలు పెట్టింది. అండ్ల అసలు మనుషులు మెర్ట్ లావిల్, మాల్కం స్మిత్ లాంటి రేసర్లు. హీరో వాళ్ల పక్కపొంటి నడుస్తడు గంతే. ఆఖరి సీను మెరైన్ సైన్యం జాగ క్యాంప్ పెండిల్టన్ ఒడ్డున తీసిన్రు. ఏ సైన్యం జైల్ల ఏసిందో ఆ సైన్యం కాడనే పర్మిషన్ తెచ్చి, సముద్రం పొంటి దోస్తులతోని బండి ఉరికించిండు. సినిమాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కోట్లు పెట్టిన లె మాన్ ఇయ్యని పేరును కొంచెం పైసలతోని తీసిన మట్టి సినిమా ఇచ్చింది.

మనిషిని దేవుణ్ని చేసి చూపెడితె అది చరిత్ర కాదు. మెక్‌క్వీన్ మంచి మొగుడు కాదు. మొదటి భార్య నీల్ ఆడమ్స్ తనను కొట్టిన సంగతి పుస్తకంల రాసుకున్నది. చిన్నప్పుడు తిన్న దెబ్బల ముచ్చట చెప్పి దాన్ని మాఫ్ చెయ్యలేం. ఎడారి గూడ ఎవరి సొత్తు కాదు. వేల బండ్లు ఒక్కసారి తొక్కుతె తాబేళ్లు, చెట్లు, మట్టి పొర నాశనమైతయని తేలి, బార్‌స్టో నుంచి వేగస్ పోయే పెద్ద రేసును 1974 తర్వాత సర్కారు కొన్నేండ్లు ఆపింది.

మంచి గూడ చెప్పాలె. సినిమా ఒప్పందాలల్ల జీన్ ప్యాంట్లు, గడ్డం గీసుకునే సామాన్లు గంపగుత్తగ అడిగెటోడు. పిసినారి అనుకునెటోళ్లు. అవన్ని బాయ్స్ రిపబ్లిక్ పోరగాండ్లకు పోయెటియి. ఆడికి పోయి వాళ్లతోని కూసుని ముచ్చట పెట్టెటోడు.

1979 డిసెంబర్‌ల డాక్టర్లు మెసోథెలియోమా అని తేల్చిన్రు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్, ఆస్బెస్టాస్ దుమ్ముతోని వచ్చే రోగం. ఓడల గీకిన పైపులు, ఆ కాలపు రేసు బట్టలల్ల ఉన్న ఆస్బెస్టాస్, ఈ రెండు కారణాలు చెప్తరు. దుమ్ము పీల్చినంక ముప్ఫై నలభై ఏండ్లకు గూడ ఈ రోగం బయటవడ్తది. అమెరికా డాక్టర్లు చేతులెత్తేస్తె మెక్సికో పోయి గ్యారంటీ లేని వైద్యాలు చేయించుకున్నడు. 1980 నవంబర్ 7న హువారెస్ ఊర్ల ఆపరేషన్ అయినంక గుండె ఆగి చచ్చిపోయిండు. 50 ఏండ్లే. ఆయన కాడ వందకు పైన మోటార్‌సైకిళ్లు ఉండె.

గుట్టలు, రాళ్లు, గంటకు వంద మైళ్ల స్పీడు ఆయనను చంపలె. పని జాగల పీల్చిన దుమ్ము చంపింది. బీమా కంపెనీ ట్రాకు ప్రమాదం లెక్కగట్టింది. పైపు గీకే పోరని ప్రమాదం ఎవడు లెక్కగట్టలె. బలిసినోని ఒంటికి ధర ఉంటది, కైకిలోని ఒంటికి ఉండదు. ఒకే మనిషి ఒకే బతుకుల రెండు తీర్లు చూసిండు.

ఇగ మన ముచ్చట. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నడో చెప్పింది. చానా దేశాలు బంద్ పెట్టినయ్. మన దేశంల గని తవ్వుడు ఆగింది గాని రష్యా కెల్లి, కజకిస్తాన్ కెల్లి, బ్రెజిల్ కెల్లి తెచ్చుకునుడు ఆగలె. ప్రపంచంల ఎక్కువ కొనే దేశాలల్ల మనదొకటి. అది పోయేది ఎక్కువ సిమెంటు రేకులకే. బస్తీల ఇండ్ల మీద, కోళ్ల ఫారాల మీద, బడుల మీద ఉన్నయ్ గవే. రేకు కోసే మేస్త్రి, తొలక వెట్టే కూలి, పాత రేకులు పలగ్గొట్టి మొరం లెక్క పోసే మనిషి, వీళ్లకు మూతి గుడ్డ ఎవరిస్తున్నరు? మెకానిక్ షెడ్ల పాత బ్రేకు డ్రమ్ము విప్పి దుమ్మును మూతితోని, గాలి పైపుతోని ఊదే పోరగాండ్లను చూస్తనే ఉన్నం. పాత బ్రేకు లైనర్లల్ల గూడ ఇదే ఆస్బెస్టాస్ వాడిన్రు.

మట్టి బండి మోజు మన పోరగాండ్లకు గూడ వచ్చింది, మంచిదే. హెల్మెట్ పెట్టుకోండ్రి, మోకాలు కాపాడుకోండ్రి. గాని ఆ బండి బాగు చేసే పోరని ఊపిరి గురించి గూడ సోచాయించండ్రి. బ్రేకు దుమ్మును ఊదొద్దు, తడి గుడ్డతోని తుడవాలె. రేకు కోసేటప్పుడు నీళ్లు పోసి కొయ్యాలె. ఇయ్యి చిన్న పనులు, ఇయ్యాల్టికెల్లి చెయ్యొచ్చు. పెద్ద పని సర్కారుది. ఆస్బెస్టాస్ దిగుమతి బంద్ పెట్టాలె, రేకుల ఫ్యాక్టరీ కార్మికులకు నౌకరి పోకుండ వేరే రేకుల పని చూపియ్యాలె, ఇన్నేండ్లు దుమ్ము పీల్చినోళ్లకు ఫుకట్‌ల ఛాతి పరీక్షలు చేయించాలె. ముప్ఫై ఏండ్లకు బయటవడే రోగానికి ఈ దినమే కొట్లాడాలె.