పిట్టకథకు పీట వేసిన దాసుగారు

హరికథకు వచ్చువారు కథ తెలియక రారు. ధ్రువునకు హరి ప్రత్యక్షమగునని, ప్రహ్లాదుడు గెలుచునని పందిటిలోని పసివానికి సైతము తెలియును. తెలిసిన కథతో ప్రొద్దుపోవువఱకు జనమును కూర్చుండబెట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు తమ జీవితమునే సమాధానముగా చేసినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు.

వారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి చేరువనున్న అజ్జాడలో జన్మించిరి. తలిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. 1883లో మదరాసునుండి విజయనగరమునకు వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథ విని, ఆ యేడే ధ్రువచరిత్రము రచించి గజ్జె కట్టిరి.

దాసుగారు అవధానులు కూడ. అష్టావధానమున అప్రస్తుతప్రసంగి యొకడుండును. పద్యపాదము కుదురుచుండగా వంటను గూర్చియో, పెండ్లిని గూర్చియో అడిగి ఏకాగ్రతను చెఱచుట వాని పని. అవధాని అప్పటికప్పుడు సభను నవ్వించు ప్రత్యుత్తరమిచ్చి, విడిచిన పాదమును విడిచినచోటనే పట్టుకొనవలెను. హరికథలోని పిట్టకథకును ఇదే సూత్రము. సభ అలసినదని గ్రహించిన క్షణమున కథకుడు ప్రక్కదారి పట్టును. లోకుల నడకను, మాటతీరును అనుకరించి నవ్వించును. ఆ నవ్వు తిరిగి మూలకథలోని ధర్మమును చేరవలెను. చేరనిచో కథకు గండి పడును.

ఈ ఆశుచాతుర్యము ఊరక వచ్చినది కాదు. చేతులు, పాదములు, శిరస్సులతో ఏకకాలమున ఐదు తాళములు నడపు పంచముఖి వారికి సాధ్యమైనది. ఉమర్ ఖయాం రుబాయీలను వారు సంస్కృతమునకును, అచ్చతెనుగునకును మార్చిరి. అంత విద్య వెనుకనుండుటచేతనే వేదికపై మాటకు తడుముకొనవలసిన పని లేకపోయెను.

1919లో విజయనగర సంగీత కళాశాలకు ప్రథమాధ్యక్షులైరి. 1945 జనవరి 2న పరమపదించిరి. వారి హరికథలు అచ్చులో నిలిచినవి. ఆ సాయంకాలమున, ఆ సభకై పుట్టిన చమత్కారము మాత్రము పుస్తకమున కెక్కలేదు. అది శిష్యుల నోటనే బ్రదుకవలసి వచ్చెను. సబ్బవరము వంటి విశాఖప్రాంతపు ఊరిలో నవమిపందిటి కథకుడు నవ్వించి, దారి తప్పక కథలోనికి మరలినచో, ఆ అడుగు దాసుగారు నేర్పినదే.

తరగతిలో కునుకుపాట్లు పడు బాలుని లేపవలసిన ఉపాధ్యాయునకును ఇందు పాఠమున్నది. నవ్వింపవలెను, నవ్వించి పాఠమునకు రావలెను. అందులకు ముందు పాఠము తనకు కంఠస్థమై యుండవలెను.