ఇనుప బూట్ల మాస్టారు

అమెరికా సుప్రీంకోర్టు 1896 మే 18న ఒక తీర్పు చెప్పింది. రైలు పెట్టెల్లో తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు చోట్లు కేటాయించడం రాజ్యాంగానికి విరుద్ధం కాదనీ, రెండూ సమానంగా ఉంటే చాలుననీ ఆ తీర్పు సారాంశం. దానిని ప్లెస్సీ తీర్పు అంటారు. ఆ అండ చూసుకొని దక్షిణాది రాష్ట్రాలు రైలుతో ఆగలేదు. బడి వేరు, ఆసుపత్రి వేరు, మంచినీళ్ల కుళాయి వేరు, చివరికి సమాధుల తోట కూడా వేరు. వేరు అన్న మాట ఊరూరా అమలైంది. సమానం అన్న మాటను పట్టించుకున్నవారు లేరు. వేరు కుళాయి, వేరు గ్లాసు అంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ తీర్పు వచ్చిన రోజున వాషింగ్టన్ నగరంలో ఒక నల్లజాతి ఇంట ఎనిమిది నెలల పసివాడు ఉన్నాడు. పేరు చార్లెస్ హ్యామిల్టన్ హూస్టన్. 1895 సెప్టెంబరు 3న పుట్టాడు. తాత బానిసగా పుట్టి, పారిపోయి స్వేచ్ఛ సంపాదించుకొని, బాప్టిస్టు బోధకుడైన మనిషి. తండ్రి విలియం పగలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, రాత్రిపూట హోవర్డ్ విశ్వవిద్యాలయపు లా తరగతులకు వెళ్లి ప్లీడరు అయ్యాడు. తల్లి మేరీ బడిపంతులమ్మగా పనిచేసింది. తర్వాత ధనవంతుల ఇళ్లకు వెళ్లి ఆడవారికి జడలు అలంకరించి సంపాదించింది. ఒక్కడే కొడుకు. వాడి చదువు కోసం ఆ తల్లిదండ్రులు వెనుకాడింది లేదు. తండ్రి చదివిన ఆ రాత్రి తరగతుల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

చార్లెస్ ఆమ్‌హెర్‌స్ట్ కళాశాలలో చదివాడు. తన తరగతిలో నల్లవాడు అతనొక్కడే. 1915లో అత్యున్నత శ్రేణి విద్యార్థుల్లో ఒకడుగా పట్టా తీసుకొని, హోవర్డ్‌లో రెండేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917లో అయోవా రాష్ట్రంలో నల్లవారి కోసం ప్రత్యేకంగా పెట్టిన శిబిరంలో శిక్షణ పొంది సైన్యంలో లెఫ్టినెంటు అయ్యాడు.

అతడిని న్యాయశాస్త్రం వైపు నెట్టింది ఆ సైన్యమే. శిబిరంలో సైనిక విచారణల పని అప్పగించినప్పుడు, తప్పు చేయని నల్ల సైనికులకు శిక్షలు పడటం కళ్లారా చూశాడు. ఫ్రాన్స్‌లో ఒక రాత్రి సొంత దేశపు తెల్ల సైనికులే గుంపుగా వచ్చి అతడినీ తోటి నల్ల ఆఫీసర్లనూ చంపబోయారు. త్రుటిలో బయటపడ్డారు. యుద్ధం నుండి ప్రాణాలతో తిరిగి వెళ్తే లా చదివి, తమను తాము కాపాడుకోలేని వారి పక్షాన నిలబడాలని అక్కడే నిశ్చయించుకున్నాడు.

1919లో హార్వర్డ్ లా స్కూలులో చేరాడు. ఆ విద్యాసంస్థ న్యాయశాస్త్ర పత్రిక సంపాదక వర్గంలోకి ఎన్నికైన మొదటి నల్ల విద్యార్థి ఆయనే. 1922లో పట్టా, 1923లో డాక్టరేటు వచ్చాయి. తర్వాత స్పెయిన్ వెళ్లి మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలోనూ చదివాడు. 1924లో ఇంటికి వచ్చి తండ్రితో కలిసి ప్రాక్టీసు పెట్టి, సాయంత్రాలు హోవర్డ్ లా స్కూలులో పాఠాలు చెప్పడం ప్రారంభించాడు.

హోవర్డ్ లా స్కూలు అప్పుడు ఎలా ఉండేదో చెప్పాలి. దేశంలోని నల్ల ప్లీడర్లలో పెద్ద భాగం అక్కడ చదివినవారే. అయితే అది పూర్తిగా రాత్రి బడి. అధ్యాపకులు పగలు కోర్టుల్లో, ఆఫీసుల్లో పని చూసుకొని సాయంత్రం వచ్చేవారు. విద్యార్థులూ అంతే. గుమాస్తాలు, తపాలా ఉద్యోగులు, హోటలు పనివారు అలసిన కళ్లతో వచ్చి కూర్చునేవారు. గ్రంథాలయం అంతంత మాత్రం. దేశంలోని న్యాయవాదుల సంఘం ఆ స్కూలును గుర్తించలేదు. ఆ సంఘం నల్ల న్యాయవాదులనే చేర్చుకునేది కాదు, అది వేరే కథ.

విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మోర్డెకై జాన్సన్ ఈ స్థితిని మార్చాలని తలచి 1929లో హూస్టన్‌ను వైస్ డీన్‌గా నియమించాడు. పేరుకు డీన్ వేరొకరు ఉన్నా, స్కూలు నడిపే భారమంతా హూస్టన్‌దే.  ఏడాది క్రితమే క్షయవ్యాధితో మంచం పట్టి లేచిన మనిషి.

ఆయన చేసిన మొదటి పెద్ద పని రాత్రి బడిని మూసివేయడం. 1930 నుండి స్కూలును పగటిపూట పూర్తికాలపు మూడేళ్ల చదువుగా మార్చాడు. ప్రవేశానికి అర్హతలు పెంచాడు. పూర్తికాలపు అధ్యాపకులను తెచ్చాడు. గ్రంథాలయానికి పుస్తకాలు సమకూర్చాడు. 1931లో గుర్తింపు వచ్చింది. కాగితం మీద ఇది ఎంతో చక్కని విజయం.

కానీ దాని వెల ఎవరు చెల్లించారు? పగలు ఉద్యోగం చేస్తేగాని ఇల్లు గడవని బీదవాడికి ఆ తలుపు మూతపడింది. తన తండ్రి ఏ మెట్లు ఎక్కి ప్లీడరు అయ్యాడో ఆ మెట్లనే కొడుకు తీసివేశాడు. పూర్వ విద్యార్థులు గట్టిగా ఎదిరించారు. హార్వర్డ్ చదువు తలకెక్కిందని, పేదవారిని మరచిపోయాడని దుయ్యబట్టారు. ఆ కోపంలో న్యాయం లేదని అనలేము. మన ఊళ్లలోనూ పగలు పనికి పోయి రాత్రి చదివి పైకి వచ్చినవారిని చూస్తూనే ఉన్నాము కదా. హూస్టన్ లెక్క వేరు. నల్లవాడి కేసు తీసుకొని దక్షిణాది కోర్టుకు వెళ్లే ప్లీడరు ఎదుటి ప్లీడరుతో సమానంగా ఉంటే చాలదు, రెండింతలు సిద్ధపడి ఉండాలి. అతడు చేసే ఒక్క పొరపాటుకు కక్షిదారు ప్రాణమే పోవచ్చు. సగం నిద్రలో నేర్చిన లా అందుకు సరిపోదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం సరైనదే అని నా అభిప్రాయం. అయినా ఆనాడు బయట నిలిచిపోయినవారి పేర్లు ఏ చరిత్రలోనూ లేవన్నది కూడా నిజం.

తరగతిలో ఆయన దయ చూపే మాస్టారు కాదు. మొదటి రోజునే కుడిపక్క కూర్చున్నవాడినీ ఎడమపక్క కూర్చున్నవాడినీ చూసుకోమనేవాడు. సంవత్సరాంతానికి వారిలో ఎందరు మిగులుతారో చెప్పలేమని హెచ్చరించేవాడు. విద్యార్థులు ఆయనకు చాటుగా పెట్టిన పేర్లలో మర్యాదగా చెప్పుకోదగినది ఇనుప బూట్లు. లాయరు అంటే సమాజాన్ని మరమ్మతు చేసే ఇంజనీరు అనీ, అలా కానివాడు సమాజాన్ని తినే పురుగనీ బోధించేవాడు. విద్యార్థులను వెంటబెట్టుకొని కోర్టులకు, పోలీసు ఠాణాలకు, జైళ్లకు తీసుకుపోయేవాడు. హార్వర్డ్ డీన్ రాస్కో పౌండ్, ప్రసిద్ధ క్రిమినల్ లాయరు క్లారెన్స్ డారో వంటివారిని పిలిపించి ఉపన్యాసాలు ఇప్పించాడు.

ఆ బెంచీల మీద కూర్చున్నవారిలో బాల్టిమోరు యువకుడు తర్గూడ్ మార్షల్ ఒకడు. అతని ఊరిలోనే మేరీలాండ్ విశ్వవిద్యాలయపు లా స్కూలు ఉంది, కానీ అందులో నల్లవారికి ప్రవేశం లేదు. రోజూ తెల్లవారుజామున రైలెక్కి వాషింగ్టన్‌కు వచ్చేవాడు. ఫీజు కట్టడానికి అతని తల్లి పెళ్లి ఉంగరాన్నీ నిశ్చితార్థపు ఉంగరాన్నీ తాకట్టు పెట్టింది. బిడ్డ చదువుకు తల్లి చేతి గాజులు పోవడం మన ఇళ్లలోనూ కొత్త కాదు. మార్షల్ 1933లో తరగతిలో మొదటివాడుగా నిలిచాడు. రెండవ స్థానం వర్జీనియాకు చెందిన ఆలివర్ హిల్‌ది.

అదే సంవత్సరం హూస్టన్ వర్జీనియాలో ఒక హత్య కేసు వాదించాడు. ఇద్దరు తెల్ల స్త్రీలను చంపాడని జార్జ్ క్రాఫర్డ్ అనే నల్లవాని మీద నేరం మోపారు. జ్యూరీలో అందరూ తెల్లవారే. వాదించింది మాత్రం నల్ల లాయర్లు. దక్షిణాదిలో అది అరుదైన సంగతి. క్రాఫర్డ్‌కు ఉరికి బదులు యావజ్జీవ శిక్ష పడింది. నల్లవారిని జ్యూరీలోకి రానివ్వలేదన్న కారణంతో అప్పీలు చేయడానికి దారి ఉంది. కానీ మళ్లీ విచారణ జరిగితే ఈసారి ఉరి పడవచ్చు. హూస్టన్ అప్పీలు చేయలేదు. పోరాటాన్ని వదిలేశాడని కొందరు పత్రికలకెక్కారు. సిద్ధాంతం గెలవడానికి కక్షిదారు మెడను పందెం కాయకపోవడం ఆయన పద్ధతి.

1935లో ఆయన డీన్ పని విడిచి, నల్లవారి హక్కుల సంఘమైన ఎన్.ఏ.ఏ.సి.పి.కి పూర్తికాలపు న్యాయవాదిగా న్యూయార్క్ వెళ్లాడు. (మన దేశంలో డాక్టర్ అంబేడ్కర్ బొంబాయి ప్రభుత్వ లా కాలేజీకి ప్రిన్సిపాల్ అయింది కూడా ఆ సంవత్సరమే.)

అక్కడ ఆయన వేసిన ఎత్తు చూడదగినది. వేరు అన్న సూత్రాన్ని ఎదురుగా ఢీకొట్టలేదు. సమానం అన్న మాటను పట్టుకొన్నాడు. సమానంగా ఇస్తామన్నారు కదా, ఇవ్వండి అని అడిగాడు. మొదట చిన్నపిల్లల బళ్ల జోలికి పోలేదు, లా స్కూళ్లతో ప్రారంభించాడు. నల్లవారి కోసం వేరే లా స్కూలు చాలా రాష్ట్రాల్లో అసలే లేదు. ఒకరిద్దరి కోసం కొత్తది కట్టాలంటే ఖర్చు భరించలేరు. పైగా జడ్జీలలో చాలామంది లా స్కూలులో చదివినవారే, మంచి స్కూలుకూ నామమాత్రపు స్కూలుకూ తేడా వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పసిపిల్లల బడి అంటే వీధిలోకి వచ్చే తెల్ల తల్లిదండ్రులు పెద్ద చదువుల విషయంలో అంతగా రెచ్చిపోరని కూడా ఆయన ఊహించాడు.

మొదటి దెబ్బ మేరీలాండ్‌కు తగిలింది. మార్షల్‌ను చేర్చుకోని ఆ లా స్కూలు మీదనే, డోనాల్డ్ మర్రే అనే యువకుని తరఫున, గురుశిష్యులు ఇద్దరూ కలిసి దావా వేశారు. 1935 జూన్‌లో బాల్టిమోరు కోర్టు, 1936 జనవరిలో రాష్ట్ర అప్పీలు కోర్టు మర్రేను చేర్చుకోవాలని ఆదేశించాయి. అతడు 1938లో పట్టా పుచ్చుకొన్నాడు.

దక్షిణాది ప్రయాణాలు మాత్రం కఠినమైనవి. నల్లవారికి హోటలు గది దొరకదు. కారులో పోతూ, పరిచయస్థుల ఇళ్లలో తలదాచుకొంటూ, దారిలో పండ్లు తిని కడుపు నింపుకొంటూ తిరిగారు. హూస్టన్ సినిమా కెమెరా పట్టుకొని దక్షిణ కరోలినాలో తెల్ల పిల్లల బడులనూ, నల్ల పిల్లల గుడిసె బడులనూ ఫిల్ము తీశాడు. కళ్లకు కనిపించేదానిని ఎవరూ కాదనలేరని ఆయన ఆలోచన.

1938 డిసెంబరు 12న మిస్సోరీ రాష్ట్రం మీద సుప్రీంకోర్టులోనే గెలిచాడు. లాయిడ్ గెయిన్స్ అనే విద్యార్థికి రాష్ట్రం లోపలే సమానమైన లా చదువు కల్పించాలని ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు, ఇద్దరు విభేదించారు. అయితే ఆ విజయం చేతికి అందలేదు. 1939 మార్చిలో గెయిన్స్ చికాగోలో తాను ఉంటున్న చోటి నుండి ఒక సాయంత్రం బయటకు వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు. కక్షిదారు లేకపోవడంతో కేసు అక్కడితో ఆగిపోయింది.

1938లోనే హూస్టన్ సంఘం పనిని మార్షల్‌కు అప్పగించి వాషింగ్టన్‌కు తిరిగి వచ్చాడు. తండ్రితో ప్రాక్టీసు చేస్తూనే పోరాటం సాగించాడు. అలబామా రైల్వేలో ఇంజనులో బొగ్గు వేసే నల్ల కార్మికుడు స్టీల్ తరఫున 1944లో సుప్రీంకోర్టులో గెలిచాడు. తమను సభ్యులుగా చేర్చుకోని యూనియను కూడా నల్ల కార్మికులకు న్యాయంగా ప్రాతినిధ్యం వహించి తీరాలని ఆ తీర్పు చెప్పింది. నల్లవారికి ఇల్లు అమ్మరాదన్న ఒప్పందాలను కోర్టులు అమలు చేయకుండా ఆపిన 1948 నాటి కేసుల్లోనూ ఆయన వాదన ఉంది.

ఆ రోజుల్లోనే గార్డ్‌నర్ బిషప్ అనే మంగలి ఆయన దగ్గరకు వచ్చాడు. నల్ల పిల్లల బడి ఒకటి పట్టనంత కిక్కిరిసిపోయిందని, బీద తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపడం మానివేసి సమ్మె చేస్తున్నారు. నగరంలోని చదువుకొన్న నల్లవారే వారిని చిన్నచూపు చూసేవారని బిషప్ బాధ. హూస్టన్ ఫీజు తీసుకోకుండా ఆ తల్లిదండ్రుల పక్షాన దావాలు వేశాడు.

కానీ గుండె మొరాయించింది. 1949 చివర గుండెపోటు వచ్చింది. మంచం మీద నుండే బిషప్‌ను పిలిపించి, హోవర్డ్ అధ్యాపకుడు జేమ్స్ నాబ్రిట్ దగ్గరకు వెళ్లమని చెప్పి పంపాడు. 1950 ఏప్రిల్ 22న కన్నుమూశాడు. వయసు 54. కొడుక్కి అప్పటికి ఆరేళ్లు నిండాయో లేదో. తాను వాడిని విడిచి పారిపోలేదని, వాడికీ వాడిలాంటివారికీ మంచి రోజులు రావాలని పోరాడుతూనే పోయానని వాడికి చెప్పమంటూ ఒక పుస్తకం లోపల రాసి ఉంచాడు.

నాలుగేళ్లకు, 1954 మే 17న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా వేరు బడుల విధానాన్ని కొట్టివేశారు. ఆ కేసుల వాదనకు నాయకుడు మార్షల్. వర్జీనియా కేసు నడిపినవారిలో ఆలివర్ హిల్ ఉన్నాడు. అదే రోజున వాషింగ్టన్ బడుల కేసులో కూడా తీర్పు వచ్చింది. దానిని నడిపింది నాబ్రిట్, వెనుక ఉన్నది మంగలి బిషప్ కూడగట్టిన తల్లిదండ్రులు. మార్షల్ 1967లో అమెరికా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. తమకు లా నేర్పింది ఎవరని అడిగినవారికల్లా ఆయన ఇనుప బూట్ల మాస్టారి పేరే చెప్పేవాడు.