లెక్కల రాని సావులు

ఏడుపాయల జాతరల మందులమ్మెటోడు ఇంతమందికి తగ్గిందని చెప్తడు. తగ్గనోళ్ల లెక్క ఎవలన్న అడుగుతరా? మెదక్ నైజాం ఏలుబడిల ఉన్నప్పుడు హైదరాబాద్‌ల పెద్ద డాక్టరుకే ఈ లెక్క తప్పింది.

ఎడ్వర్డ్ లారీ 1885ల రెసిడెన్సీ సర్జన్‌గా అచ్చిండు. మెడికల్ స్కూల్ నడిపిండు, మనోళ్లకు మత్తు ఇచ్చుడు నేర్పిండు. అప్పట్ల క్లోరోఫాం మత్తుల కొందరు సచ్చిపోతుండ్రి. ముందుగాల ఆగేది ఊపిరే, గుండె కాదని లారీ నమ్మకం. 1888ల కమిషన్ ఏసి కుక్కల మీద పరీక్ష జేసిండు. లండన్ పత్రిక లాన్సెట్ ఒప్పుకోలే. నిజాం వెయ్యి పౌండ్లిస్తే, ఆ పత్రిక 1889ల లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల జంతువుల మీద జూసి, లారీ మాటే నిజమని తేల్చిండ్రు.

కని ఆ పరీక్షలల్ల ఎక్కువ మత్తుతోని అయ్యే సావులనే సూసిండ్రు. తక్కువ మత్తుల గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగుతదని 1911ల గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద రుజువు జేసిండు.

లారీ మోసగాడు కాదు. ఊపిరి కనిపెట్టుమన్నది మంచి మాటే. కని గుండెకు భయం లేదనుకున్నకాడ మనుషుల పానాలు పోతయి.

గందుకే దవాఖాన మందైనా, జాతర మందైనా ఎవలికిచ్చిండ్రు, ఎంతిచ్చిండ్రు, తగ్గనోళ్లెందరని అడుగుండ్రి.